శామీర్‌పేట నుంచి సలమాంకాకు: నాలుగు వారాల స్పానిష్ చదువు

శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు వెళ్తే రోడ్డు పొడవునా మందుల కంపెనీలు, వ్యాక్సిన్ కంపెనీలే. జీనోమ్ వ్యాలీ అంటే అదే. అక్కడే ఓ కంపెనీలో నా ఉద్యోగం. మందు బయటి దేశానికి వెళ్లాలంటే అక్కడి ప్రభుత్వానికి ఇవ్వాల్సిన ఫైళ్లు తయారుచేయడం నా పని. మెక్సికో, పెరూ, కొలంబియా... ఈ దేశాల ఉత్తరాలన్నీ స్పానిష్‌లో వస్తాయి. ఎవరో అనువాదం చేసి పంపేదాకా మేం చేతులు కట్టుకుని కూర్చోవాలి.

నేనే నేర్చుకుంటే? ఆ మాట అనగానే ఫ్రెండ్స్ నవ్వారు. 'ముందు ఇంగ్లిష్ సంగతి చూసుకోవే' అన్నారు. తప్పేం లేదు. టెన్త్ దాకా మేడ్చల్‌లో తెలుగు మీడియం. మీటింగ్‌లో ఇంగ్లిష్‌లో నోరు తెరవాలంటే ఇప్పటికీ చెమటలే.

అయినా తార్నాక ఇఫ్లూలో పార్ట్‌టైమ్ కోర్సులో చేరాను. డ్యూటీ దిగి జూబ్లీ బస్టాండ్ దాకా ఒక బస్సు, అక్కణ్నుంచి ఇంకోటి. ఏడాది తిరిగేసరికి చదవడం వచ్చింది. మాట్లాడటం మాత్రం సున్నా. స్పెయిన్ వెళ్లి నాలుగు వారాలు ఉండొస్తే తప్ప ఆ భయం పోదనిపించింది. డబ్బు? చిట్టీ ఎత్తాను.

"పైన స్లాబ్ ఏద్దామని కట్టిన చిట్టీ గదా బిడ్డా" అంది అమ్మ. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ, "సరే పో. గన్ని పైసలు వెట్టి పోయి, నోరు మూస్కోని మాత్రం రాకు" అంది.

బడి ఒకటి, ఇల్లు ఒకటి

మాడ్రిడ్ నుంచి బస్సులో రెండున్నర గంటలు పోతే సలమాంకా. తోర్మెస్ నది, దాని మీద రోమన్ల కాలపు వంతెన, సాయంత్రం ఎండకి బంగారం రంగులో మెరిసే రాతి గోడలు. ఇక్కడి యూనివర్సిటీ 1218లో పుట్టింది. స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో ఇదే పాతది. విదేశీయులకు స్పానిష్ కోర్సులు 1929 నుంచీ చెబుతున్నారు. ప్రైవేటు బడులు కూడా బోలెడు.

సోమవారం పొద్దున్నే ఒక పరీక్ష పెడతారు. దాన్నిబట్టి ఏ1 నుంచి సీ2 వరకు ఏ మెట్టులో కూర్చోవాలో చెబుతారు. పొద్దున క్లాసులు, సాయంత్రం వంట, ఊరు చూడటం, సినిమా. క్లాసులో ఇంగ్లిష్ మాట లేదు. నాకది వరమే అయ్యింది. అక్కడ ఇంగ్లిష్ బాగా వచ్చినవాడూ నేనూ ఒకటే!

అసలు చదువు మాత్రం మనం దిగే ఇంట్లో. మా ఇంటావిడకు అరవై దాటాయి. మధ్యాహ్నం భోజనం రెండున్నరకి, రాత్రిది తొమ్మిదిన్నరకి. మొదటి రోజు ప్రయాణం బడలికతో 'అలసిపోయాను' అనబోయి 'ఎస్తోయ్ కసాదా' అన్నాను. ఆవిడ సంబరపడి ఆయన పేరేంటని అడిగింది. 'కన్సాదా' అంటే అలసట, 'కసాదా' అంటే పెళ్లయింది! ఒక్క 'న' మింగినందుకు నాకు మొగుడొచ్చాడు. మర్నాడు మామిడికాయ తొక్కు రుచి చూపించాను. 'పీకా! పీకా!' అంటూ నీళ్ల గ్లాసు అందుకుంది. కారం అనే మాట నాకు అలా వచ్చింది.

తెలుగు పనికొచ్చింది

రెండో వారంలో ఒక సంగతి గమనించాను. నేను ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లిష్‌లో అనుకుని తర్వాత స్పానిష్‌లోకి మారుస్తున్నాను. అక్కడే ఇరుక్కుంటున్నాను. నేరుగా తెలుగులోంచి వెళ్తే?

'మె గుస్తా ఎల్ కఫే' అంటే 'నాకు కాఫీ ఇష్టం'. అచ్చం మనలాగే 'నాకు'తో మొదలు. ఇది ఇంగ్లిష్ వాళ్లకు తలనొప్పి, మనకు పుట్టుకతో వచ్చింది. 'వస్తాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు కదా? స్పానిష్‌లోనూ అంతే, క్రియ చివరే మనిషి ఎవరో చెబుతుంది. మన నువ్వు, మీరు లాగే వాళ్లకు తూ, ఉస్తెద్. 'త', 'ద'లు కూడా మన పళ్ల దగ్గరే పలుకుతాయి. ఇంటావిడ టవల్ ఇస్తూ 'తోఆయా' అంది, బీరువా చూపించి 'అర్మారియో' అంది. పోర్చుగీసు వాళ్ల నుంచి మనకు చేరిన తువ్వాలు, అల్మారా వీటి చుట్టాలే!

మూడో వారం టీచర్ ఒక పని ఇచ్చింది. యూనివర్సిటీ ముఖద్వారం నిండా చెక్కడాలు ఉంటాయి. వాటిలో ఒక పుర్రె మీద చిన్న కప్ప. దాన్ని కనిపెట్టిన విద్యార్థి పాసవుతాడని అక్కడి నమ్మకం. ఎవరైనా తెలియనివాళ్లను అడిగి కనుక్కుని రావాలి. పావుగంట గోడ చూస్తూ నిలబడ్డాను. అమ్మ మాట గుర్తొచ్చింది. పక్కన వెళ్తున్న ఓ పెద్దాయన్ని ఆపి, 'పెర్దోనే, దోందే ఎస్తా లా రానా?' అన్నాను. కప్ప ఎక్కడ ఉంది? అంతే. ఆయన చేతికర్ర ఎత్తి చూపించి, పది నిమిషాలు ఆ గోడ కథంతా చెప్పాడు. సగమే అర్థమైంది. కానీ మధ్యలో నేను మూడు ప్రశ్నలు వేశాను.

మీరూ వెళ్లాలనుకుంటే

ఏ1, ఏ2 ఇక్కడే పూర్తిచేసి వెళ్లండి. అక్షరాలు నేర్చుకోవడానికి యూరోలు తగలేయొద్దు. 90 రోజుల్లోపు కోర్సుకు షెంగెన్ వీసా, ఎక్కువైతే స్టూడెంట్ వీసా. హాస్టల్ కన్నా ఎవరింట్లోనైనా ఉండటం మేలు. ఒక టీచర్‌కు ఒకే విద్యార్థి కావాలంటే గ్వాటెమాలాలోని ఆంటిగ్వా ఊరికి అందుకే పేరు. సర్టిఫికెట్ కావాలంటే డెలె పరీక్ష రాయండి, దానికి గడువు తీరడం ఉండదు.

అంత ఖర్చు వద్దా? అనంతపురం చూడండి. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ ఆర్‌డీటీని మొదలుపెట్టారు. స్పెయిన్ నుంచి వచ్చేవాళ్లకూ పల్లెల్లోని వాళ్లకూ మధ్య మాట కలిపేది స్పానిష్ నేర్చిన తెలుగు పిల్లలే. ఆ సంస్థకు విదేశీ భాషలు నేర్పే బడి కూడా ఉంది.

నా జీతం ఇంకా పెరగలేదు. స్లాబూ పడలేదు. కానీ ఇప్పుడు పెరూ ఉత్తరం వస్తే ఎవరికోసమూ ఆగక్కర్లేదు. మాకు రాత్రి ఏడున్నర అయితే లిమాలో పొద్దున తొమ్మిది. సిగ్నల్ కోసం డాబా మీదికెక్కి, పిల్లర్ల ఇనుప చువ్వల మధ్య నిలబడి ఫోన్ మాట్లాడతాను. కింద వాకిట్లోంచి అమ్మ అరుస్తుంది.

"ఏమంటున్నరే వాళ్లు?"

"రేపు కాగితాలు పంపుతరంట!"

"గదొక్కటి చెప్పనీకి అంతసేపా?"