ఇగ్వానాకు అద్దం చాటు ఎండ చాలదు

ఇగ్వానా అరవదు, మూలగదు. ఒంట్లో కాల్షియం తగ్గిపోతున్నా నెలల తరబడి మామూలుగానే ఆకులు నములుతుంది. పెంపకందారుల పొరపాటు బయటపడేసరికి చాలా ఆలస్యమవుతుంది. ఒకప్పుడు అమెరికాలో ఇగ్వానా పిల్లలకు పురుగులు, కుక్కల ఆహారం పెట్టేవారు. మాంసకృత్తులుంటే త్వరగా ఎదుగుతాయని నమ్మకం. ఎదిగేవి కూడా. కొన్నేళ్లకు మూత్రపిండాలు పాడై చనిపోయేవి. అది పుట్టినప్పటి నుంచీ శాకాహారి అన్న సంగతి అందరికీ తెలిసేలోపు ఎన్ని పోయాయో!

హైదరాబాద్‌లోని మా ఇంటికి ఇగ్వానా వచ్చింది విదేశాలకు వెళ్లిపోతున్న ఒక పరిచయస్తుడి దగ్గర నుంచి. ఆయన జానెడు పిల్లను కొన్నారు. మా దగ్గరకు వచ్చేసరికి తోకతో కలిపి మూడడుగులుంది. (పూర్తిగా పెరిగితే అయిదడుగులు దాటుతుంది. అమ్మేవారు ఆ మాట ఎత్తరు.) కింది దవడ రబ్బరులా వంగుతోంది. వెనక కాలు ఒకటి వంకర తిరిగింది. ఎక్స్‌రే చూసిన పశువైద్యుడు ఎముకల్లో పటుత్వం లేదన్నారు. రోజూ కిటికీ పక్కన ఎండలోనే ఉంచానని ఆ పరిచయస్తుడు ఫోన్‌లో వాపోయాడు. నిజమే. కానీ కాల్షియం ఒంటబట్టాలంటే డి3 విటమిన్ కావాలి. దాన్ని చర్మంలో తయారుచేసే యూవీబీ కిరణాలను కిటికీ అద్దం దాదాపుగా లోపలికి రానివ్వదు.

మేడ మీద ఇనుప జాలీతో బోను కట్టించి, సగానికి నీడ వేశాం. ఉదయం అరగంటతో మొదలుపెట్టాం. నోరు తెరిచిందంటే వేడి ఎక్కువైనట్టే. అది చూసుకుంటూ సమయం పెంచాం. వానాకాలానికి యూవీబీ దీపం కొన్నాం. వెలుగు తగ్గకముందే అందులో ఆ కిరణాలు తగ్గిపోతాయి కాబట్టి, వెలుగుతున్నా సరే మార్చేయాలి. తిండిలో మాత్రం ఒకసారికి ఒకే మార్పు. ముందు పాలకూర మానిపించాం. అందులోని ఆగ్జలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. బదులుగా మునగాకు పెడితే వారం రోజులు ముట్టనే లేదు. మందార పూలు తరిగి కలిపితే గిన్నె ఖాళీ! శీతాకాలం రాత్రులు 15 డిగ్రీలకు పడిపోతే తిన్న ఆకు అరగదు. అందుకని బోనును గదిలోకి మార్చి, సిరామిక్ హీటర్, రెండు చివర్లా థర్మామీటర్లు పెట్టాం. ప్రతి ఆదివారం వంటింటి తూకంలో బరువు చూసి రాసుకునేవాళ్లం.

నాలుగు నెలలకు దవడ గట్టిపడింది. కాలు మాత్రం వంకరగానే ఉండిపోయింది.

2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణతో ఇగ్వానా వంటి విదేశీ జీవుల నమోదు తప్పనిసరైంది. మంచిదే. దీపం, థర్మామీటర్ లేనివారికి అమ్మకూడదన్న నిబంధన కూడా ఉండాలంటాను. అది 15, 20 ఏళ్లు బతికే జీవి మరి. మా వీధి పిల్లలు దాన్ని ‘పచ్చ ఉడుము’ అంటారు. ఎక్కడ దొరుకుతుందని అడిగే పెద్దలకు ముందు ఆ కాలు చూపిస్తున్నాను.