మెడ మీద మట్టి కాదు

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ నిన్న మళ్ళీ తీశాను. అందులో దాని మెడ తెల్లగా ఉంటుంది, ముఖం కంటే తెల్లగా. ఫోటోగ్రాఫరు "మెడ దగ్గర కాస్త ఎడిట్ చేసేశాను మేడమ్" అంటే, పైగా అతనికి థాంక్స్ చెప్పాను.

దానికి పదకొండో ఏడు వచ్చేసరికి మెడ వెనక నల్లబడటం మొదలైంది. మొదట్లో సన్నగా గీతలా ఉండేది. తర్వాత పట్టీ కట్టినట్టు మెడ చుట్టూ తిరిగింది. సరిగ్గా ఒళ్ళు రుద్దుకోవడం లేదని రోజూ తిట్టేదాన్ని. "కడుక్కుంటున్నానమ్మా" అనేది. నేను నమ్మలేదు. ఆదివారం తలంటు రోజు మా అత్తయ్యగారు సున్నిపిండి పెట్టి, పీచుతో రుద్దేవారు. "నానమ్మా, మండుతోంది" అని పిల్ల గోలపెట్టేది. నేనేం తక్కువ తినలేదు, నిమ్మచెక్కలో పంచదార అద్ది రుద్దాను. ఎర్రగా కమిలి, నాలుగు రోజులకు ఇంకా నల్లబడింది. మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు కూడా తెచ్చి రాశాను. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది.

ఇంతా చేసి డాక్టరు దగ్గరకు వెళ్ళింది మెడ కోసం కాదు. పెద్దమనిషయ్యి రెండేళ్ళు దాటినా నెలసరి ఒకసారి వస్తే మళ్ళీ నాలుగైదు నెలలు పత్తా ఉండేది కాదు. అందుకని వెళ్ళాం. ఆవిడ నేను చెప్పేదంతా విని, "జుట్టు పైకి తియ్యమ్మా" అన్నారు దానితో. స్పిరిట్ దూదితో మెడ తుడిచి చూశారు. దూది తెల్లగానే ఉంది. వేలితో తడిమారు, చంకలు చూశారు, వేళ్ళ కణుపులు చూశారు.

"ఇది మట్టి కాదండీ. ఇంకెప్పుడూ రుద్దకండి" అన్నారు.

పిల్ల నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

దాని పేరు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అట. నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. విషయం మాత్రం తేలిగ్గానే అర్థమైంది. ఒంట్లో ఇన్సులిన్ తయారవుతుంది గానీ దాని మాట ఒళ్ళు సరిగ్గా వినదు. అందుకని ఇంకా ఇంకా తయారవుతుంది. రక్తంలో ఎక్కువైన ఆ ఇన్సులిన్ చర్మకణాల్ని రెచ్చగొడితే అవి అవసరానికి మించి పెరుగుతాయి. మెడ, చంకలు, గజ్జలు, ఇలా మడతపడే చోట్ల చర్మం మందంగా, నల్లగా అవుతుంది. ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంటుంది. ఎండకి కమిలిన నలుపు ఇలా మందంగా ఉండదు. ఇది అంటుకునేది కాదు, శుభ్రం లేక వచ్చేది అంతకంటే కాదు. ఇది ఉన్నవాళ్ళందరికీ షుగర్ ఉన్నట్టు కాదు గానీ, టెస్టు చేయించుకోమని ఒళ్ళు చెప్తున్నట్టే. పీసీఓడీ ఉన్న ఆడపిల్లల్లో కూడా ఇది తరచూ కనిపిస్తుందట. పెద్ద వయసులో ఉన్నట్టుండి వచ్చి, మనిషి చిక్కిపోతుంటే మాత్రం అసలు ఆలస్యం చేయకూడదన్నారు. అరుదుగా లోపలి క్యాన్సర్‌కి గుర్తు కావచ్చట.

రక్తపరీక్షలు రాసిస్తూ ఆవిడ నన్ను చూశారు. "మీ మెడ కూడా ఒకసారి చూడనివ్వండి."

నా మెడ నలుపు పుస్తెలతాడు ఒరుసుకుని వచ్చిందని పదేళ్ళుగా నా నమ్మకం. మా అమ్మకీ అలాగే ఉండేది, ఆవిడా అదే చెప్పేది. దాని పక్కనే సన్నసన్న పులిపిర్లు. ఒకదానికి వెంట్రుక కట్టి రాలగొట్టుకున్న ఘనురాలిని నేను. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా అని అడిగారు. వచ్చింది. కాన్పయ్యాక పోయిందన్నారు, నేను మర్చిపోయాను. అలా వచ్చినవాళ్ళు కాన్పు తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఒకసారి, ఆ పైన రెండు మూడేళ్ళకోసారైనా టెస్టు చేయించుకుంటూ ఉండాలట. పిల్ల టీకాల కార్డు లామినేషన్ చేయించి దాచాను, నా కాగితాలు ఎక్కడున్నాయో నాకే తెలియదు.

అమ్మాయి హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా హద్దు మీద ఉన్నట్టు. నాది 6.8. నేను హద్దు ఎప్పుడు దాటానో కూడా తెలియదు.

ఆ రాత్రి దాని పక్కన పడుకుని, "తప్పయిపోయిందిరా" అన్నాను. "రోజూ కడుక్కుంటున్నానని చెప్పాను కదమ్మా" అంది, అటు తిరిగే. స్కూల్లో ఎవరూ చూడకుండా ఎండాకాలం కూడా జుట్టు వదిలేసుకుని వెళ్ళేదని అప్పుడు చెప్పింది. నేనేమో ఫ్యాషన్లు ఎక్కువయ్యాయని జడ లాగి లాగి వేసేదాన్ని.

అప్పట్నుంచి నా చూపు మారిపోయింది. పెళ్ళిళ్ళకి వెళ్తే నగలు చూడాల్సిన చోట మెడలు చూస్తున్నాను, కాస్త సిగ్గుగానే ఉంది. అత్తయ్యగారి కనురెప్పల మీద పసుపుపచ్చ పొక్కుల్లాంటివి ఎన్నేళ్ళుగానో ఉన్నాయి. టెస్టు చేయిస్తే కొలెస్ట్రాల్ ఎక్కువే ఉంది (అవి ఉన్న అందరికీ అలా ఉండాలని లేదట). మా పనమ్మాయి కొడుకు చేతి మీద పాలిపోయిన మచ్చ ఉంటే నులిపురుగులంది. కళ్ళు మూసుకోమని దూదిపోగుతో తాకించి చూశాను. తాకినట్టు తెలిసిందన్నాడు, అయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకసారి చూపించమన్నాను. స్పర్శ తెలియని మచ్చయితే కుష్ఠు కావచ్చు, దానికి అక్కడ మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. నేను డాక్టర్ని అయిపోలేదు. చూసి, "వెళ్ళి చూపించుకో" అనడం వరకే.

ఇప్పుడు మా ఇంట్లో అన్నం గిన్నె చిన్నదైంది, కూర గిన్నె పెద్దదైంది. సాయంత్రం తల్లీకూతుళ్ళం నడుస్తాం. నేను మాత్రలు వేసుకుంటున్నాను. ఎనిమిది నెలలైంది. దాని మెడ మెత్తబడింది. నలుపు పూర్తిగా పోలేదు, పోవడానికి చాలాకాలం పడుతుందని ముందే చెప్పారు.

నిన్న ఆల్బమ్ చూస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. జుట్టు పైకి ముడేసుకుని ఉంది. "ఇది నా మెడలా లేదమ్మా. ఎడిట్ చెయ్యనివి ఆయన దగ్గర ఉంటాయా?" అంది. ఫోన్ చేశాను. వెతికి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానన్నాడు.