మూగబండికి మాట వచ్చింది

హోసూరులో మాది నాలుగు తరాల కాపురం. హోసూరుకూ బెంగుళూరు కృష్ణరాజేంద్ర మార్కెట్టుకూ మధ్య ఉన్న సుమారు 40 కిలోమీటర్ల దారిని మా పికప్పు బండి 17 ఏళ్లుగా కొలుస్తోంది. సాయంత్రం టమాటా, కొత్తిమీర వేసుకుని చీకటి పడ్డాక బయలుదేరడం, తెల్లవారుజామున మార్కెట్టులో దించడం, ఇదీ దాని బ్రతుకు. ఈ మధ్య, కంపెనీవారు బిగించి ఇచ్చిన రేడియో కాస్తా చచ్చి ఊరుకుంది.

రేడియో లేకపోతే బండి నడవదా అని పాఠకులు నవ్వవచ్చు. మేమూ నవ్వినవాళ్లమే. కాని మా నాయన ఆ మరునాటినుంచి బండి ఎక్కడం మానేశారు. "మూగబండిలో ఏం కూర్చుంటాను లేరా, మీరు పోయి రండి" అన్నారు. 76 ఏళ్ల మనిషి. తెలుగు బడిలో చదివినా ఇప్పుడు కళ్లకు అక్షరం ఆనదు. ఆయనకు మిగిలిన తెలుగు చెవిన పడేదే. పగలు గొణుగుడుగా వినిపించే కడప స్టేషను, అత్తిబెలె దాటాక చీకట్లో మీడియం వేవు తిప్పితే పక్కనే కూర్చుని మాట్లాడినట్టుండేది. పగటి ఎండకు ఆకాశం పైపొరల్లో ఒకటి ఆ తరంగాలను మింగేస్తుంది. పొద్దు గూకాక ఆ పొర సన్నగిల్లి, దానికి పైనున్న పొర వాటిని అద్దంలాగా నేలకు తిప్పి పంపుతుంది. నాయనకు ఈ శాస్త్రంతో పని లేదు. "చీకటి పడితే మనవాళ్లు దగ్గరవుతార్రా" అనేవారు.

"పాతబండికి ఇంకా డబ్బు పోయడమెందుకు, అమ్మేద్దాం" అన్నాడు తమ్ముడు. మేము ఒప్పుకోలేదు. ఒక శనివారం నాయనను బలవంతాన ఎక్కించుకుని, సరుకు దించాక టౌను హాలు పక్కన జయచామరాజేంద్ర రోడ్డుకు తిరిగాము. అక్కడినుంచి మినర్వా సర్కిలుదాకా ఎటు చూసినా బండి సామాను అంగళ్లే. నడుమ రవీంద్ర కళాక్షేత్రం ఒక్కటే ఊపిరి తీసుకునే చోటు.

మొదటి అంగట్లో కుర్రవాడు అద్దం పలకలాంటిది చూపించాడు. ఫోను తగిలిస్తే లోకమంతా అందులోనేనట. "మీడియం వేవు ఉందా నాయనా?" అని అడిగితే తెల్లబోయాడు. మూడు అంగళ్లలో ఎఫ్.ఎం. తప్ప వేరే మాట లేదు. నాయన ముఖం చిన్నబోయింది.

నాలుగో అంగట్లో పెద్దమేస్త్రీ తెలుగులోనే పలకరించాడు. చింతామణి పక్కవాడట. "ఏం పెద్దయ్యా, ఏ స్టేషను కావాల నీకు?" అంటూ ముందుగా ఫ్యూజు చూశాడు, తీగలకు కరెంటు వస్తోందా అని దీపం పెట్టి చూశాడు. కరెంటు ఉంది, సెట్టే పోయింది. ఏరియలు తీగ మొదట్లో తుప్పు పట్టింది, అదీ మార్చాలన్నాడు. అటకమీదనుంచి గుండ్రటి మర ఉన్న సెట్టొకటి దించాడు. పాతదాని గూడు వెడల్పు 18 సెంటీమీటర్లు, ఎత్తు 5. చాలా సెట్లకు అదే కొలత కాబట్టి ఇట్టే ఇమిడింది.

బ్యాటరీ మైనసు తీగ ఊడదీశాకే పని మొదలుపెట్టాడు. పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండేదానికి, ఎర్రది తాళం తిప్పితే వచ్చేదానికి, నల్లది బండి ఇనుముకు. పసుపును కూడా తాళానికే కలిపితే, బండి ఆపినప్పుడల్లా సెట్టు స్టేషన్లను మరచిపోతుందట. చివరగా ఒక మెలిక విప్పాడు. ఆ సెట్టు అమెరికా పద్ధతిలో 10 కిలోహెర్ట్జుల అంగలు వేస్తోంది. మన స్టేషన్ల అంగ 9. కడప 900 దానికి చిక్కుతుంది గాని, విజయవాడకు కేటాయించిన 837, హైదరాబాదు 738 చిక్కవు. దాన్ని మన దేశపు లెక్కకు మార్చి ఇచ్చాడు.

ఆ సాయంత్రం అందరికంటే ముందు బండిలో కూర్చున్నది నాయనే. అత్తిబెలె దాటాక మర తిప్పితే ఒకటే గరగర. మా ప్రాణం ఉసూరుమంది. తమ్ముడికి ఏదో తోచి ఫోను ఛార్జరు ఊడబెరికాడు. గరగర అణగింది. దాని కిందనుంచి సన్నగా, తరవాత స్పష్టంగా, ఒక తెలుగు గొంతు. నాయన మర మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

ఆ రాత్రి సిల్కుబోర్డు దగ్గర బండ్లు చాలాసేపు నిలిచిపోయాయి. నాయన ఒక్కసారీ టైమెంతని అడగలేదు. బండి అమ్మే మాట తమ్ముడూ మళ్లీ ఎత్తలేదు.