టైటాన్ మీద వాన, మా గెడ్డలో గుండ్రాళ్ళు

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

2018 అక్టోబర్ 11. అప్పుడు నేను ఏడో తరగతి, ఇచ్ఛాపురంలో హాస్టల్లో ఉండేవాణ్ణి. తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి దాదాపు 150 కిలోమీటర్ల గాలి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మూడు రోజుల తర్వాత మందస కొండల్లో మా ఊరు చేరితే, పడిపోయిన జీడిచెట్ల మధ్య తాత కూచుని ఉన్నాడు. "మళ్ళీ కాపుకి రావాలంటే ఎన్నేళ్ళురా" అన్నాడంతే. అప్పట్నుంచి గాలి లేస్తే నాకు నిద్ర పట్టదు.

ఇంటర్లో ఒకరోజు "భూమ్మీద కాకుండా ఇంకెక్కడైనా వాన పడుతుందా సార్" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "టైటాన్ గురించి చదువు" అన్నారు.

చదివాను. శనిగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో అదే పెద్దది. అక్కడ మైనస్ 179 డిగ్రీల చలి. నీళ్ళు రాయిలా గడ్డకట్టి ఉంటాయి. కురిసేది మీథేన్, మన గోబర్ గ్యాస్‌లో మండేదే. ఆ చలికి అది ద్రవమై సరస్సుల్లో ఉంటుంది, ఆవిరై మబ్బు కడుతుంది, మళ్ళీ చినుకై పడుతుంది. అక్కడ ఆకర్షణ మనలో ఏడో వంతే, గాలేమో మనకంటే దట్టం. అందుకే చినుకు సెంటీమీటరు దాకా పెరిగినా సెకనుకి మీటరున్నర చొప్పున మెల్లగా దిగుతుందని లెక్క కట్టారు. మన దగ్గర పెద్ద చినుకు సెకనుకి 9 మీటర్ల వేగంతో కొడుతుంది.

అంత నెమ్మది వానకి భయమేముందిలే అనుకున్నా. కానీ 2010లో అక్కడి భూమధ్యరేఖ దగ్గర పెద్ద మబ్బు కమ్మడం కాసిని నౌక చూసింది. ఆ తర్వాత దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేల తడిసి నల్లబడింది. మన రాష్ట్రానికి మూడింతలు! అక్కడ ఒక్కో కాలం ఏడేళ్ళకి పైనే.

2005 జనవరి 14న హైగెన్స్ అక్కడ దిగి తీసిన ఫొటో ఫోన్లో తాతకి చూపించాను. నిండా గుండ్రాళ్ళు. తాత చూసి "ఎండిపోయిన మన గెడ్డే కదరా" అన్నాడు. శాస్త్రవేత్తలు చెప్పిందీ అదే. అవి మంచు ముక్కలు, పారే ద్రవంలో దొర్లి దొర్లి నునుపు తేలినవి.

తాత బడి మొహం చూడలేదు. కానీ రాయి నునుపు చూసి ఏరు పారిందని చెప్పగలడు. మహేంద్రగిరి మీద మబ్బు చూసి విత్తనం చల్లాలో వద్దో చెప్పగలడు. ఇదంతా సైన్సు కాక మరేంటి? "మనోళ్ళకి సైన్సు ఎందుకు, ఆర్ట్స్ తీసుకో" అని నాకు చాలామంది చెప్పారు. నేనూ సగం నమ్మాను. ఆ ఫొటో చూపించిన రోజే డిగ్రీలో ఫిజిక్స్ తీసుకోవాలనుకున్నా, తీసుకున్నా.

2028లో నాసా డ్రాగన్‌ఫ్లైని పంపాలనుకుంటోంది. అది టైటాన్ చేరేది 2034లో. ఆ ఫొటోలు కూడా తాతకి చూపించాలని ఉంది.

తిత్లీ తర్వాత నాటిన జీడిచెట్లు కాపుకొచ్చాయి. గాలి లేస్తే నాకు ఇప్పటికీ మెలకువ వస్తుంది. ఇప్పుడు మాత్రం లేచి కూచుని, ఆ గాలి ఎటునుంచి వస్తోందో చూస్తాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, క్లాసులో డౌటొస్తే అడగండి. నవ్వేవాళ్ళు నవ్వనీ.