మిరప తర్వాత మిరపేనా?

మా మేడ మీద ఆరు కుండీలున్నాయి. ఈ ఏడాది మిరప ఒక్కదాంట్లోనే. మిగతావాటిలో బొబ్బర్లు, మెంతి, బంతి. “పచ్చిమిర్చి కొనుక్కుంటూ బంతిపూలు పెంచుతున్నావేంటమ్మా?” అని కింది వాటా పిన్నిగారు అడుగుతూనే ఉంటారు.

మిరప, టమాటా, వంగ ఒకే కుటుంబం. వంటింట్లో మనకి వేరువేరు గానీ, మట్టిలో దాగే ఎండుతెగులుకీ, వేళ్ళలో దూరే నులిపురుగులకీ ఇవన్నీ చుట్టాలే. మిరప పీకి టమాటా పెడితే అన్న ఖాళీ చేసిన గదిలోకి తమ్ముడు దిగినట్టే. రెండు మూడేళ్ళయినా ఆ కుటుంబాన్ని ఆ మట్టికి దూరంగా ఉంచాలి. కుండీల మట్టి అంతా ఒకచోట పోసి కలిపేస్తే ఈ లెక్కంతా వృథా.

బొబ్బర్ల కాపు అయిపోయాక మొక్కని పీకను. మొదలు దగ్గర కోసి, వేళ్ళని లోపలే కుళ్ళనిస్తాను. వాటి మీది బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. కొంత మట్టికీ మిగులుతుంది. ఆ బుడిపె గోటితో తీస్తే ఊడొస్తుంది, చిదిమితే లోపల లేత ఎరుపు. నులిపురుగు బుడిపె అలా కాదు, వేరే ఉబ్బిపోతుంది, ఊడదు. అది కనబడిన కుండీలో బొబ్బర్లు వెయ్యను, వాటికీ పడుతుంది. అక్కడ బంతి వేస్తాను.

ఇదంతా నాకు కొత్త విద్యేమీ కాదు. గుంటూరు జిల్లాలో కౌలుకి మిరప వేసిన మా తాతయ్యకి ఇందులో చాలావరకు తెలుసు. మినుమో పెసరో వేస్తే నేల తేరుకుంటుందనేవాడు. అయినా ఏటా మిరపే వేశాడు. తేరుకున్న నేల వచ్చే ఏడు ఎవరి చేతిలో ఉంటుందో తెలీదు. అప్పు మాత్రం తన పేరునే ఉంటుంది. పెసలమ్మితే మిరప అప్పు తీరదు.

2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకిచ్చే కార్డు గడువు 11 నెలలు. మట్టికి కావాల్సింది మూడేళ్ళు.

ఆరు కుండీలు నావి కాబట్టి నేను ఓపిక పట్టగలను. ఇందులో నా గొప్పేం లేదు. “రైతులకి పంట మార్పిడి మీద అవగాహన లేదండీ” అని ఎవరైనా అన్నప్పుడు నాకు అడగాలనిపించేది ఒక్కటే: ఆ నేల ఆయన చేతిలో ఎన్నేళ్ళుంటుంది?