పగలు అనగా ఏమి?

పాఠశాలలో అమరకోశం వల్లె వేసే రోజుల్లో పగటికి ఐదు పేర్లు నేర్చుకున్నాము: ఘస్రము, దినము, అహస్సు, దివసము, వాసరము. అర్థవిచారణ తరువాత మొదలైంది. చీకటిని భక్షించునది గనుక ఘస్రమని వ్యాఖ్యాతలు నిర్వచించారు. దివసమునకు మూలమైన 'దివ్' ధాతువునకు ప్రకాశించుట ఒక అర్థం. దేవశబ్దమూ దాని నుండే పుట్టింది.

అహస్సు మరింత గంభీరమైన పదం. ఋగ్వేదంలో ఆరవ మండలం తొమ్మిదవ సూక్తం ఈ పదంతోనే మొదలవుతుంది. అక్కడ అహస్సులు రెండు: ఒకటి నల్లనిది, ఒకటి తెల్లనిది. అనగా రాత్రి కూడా అహస్సే! ఆ సూక్తానికి దేవత వైశ్వానరాగ్ని. మర్త్యులలో నిలిచిన అమృతజ్యోతిగా ఋషి ఆయనను దర్శిస్తాడు. పగలు కేవలం నేత్రవిషయం కాదని దీని వలన నాకు బోధపడింది.

మా బీబీపేట వాడుకలో పొద్దు అంటే సూర్యుడూ, కాలమూ కూడా. నిత్యం దర్శనానికి వచ్చే వృద్ధభక్తులొకరు కొంతకాలం క్రితం చూపు కోల్పోయారు. ఒకనాడు తీర్థం పుచ్చుకుంటూ, "అయ్యగారూ, లోకానికి పొద్దు పొడుస్తున్నది, నాకు ఎప్పుడూ రాత్రే. కానరాని సూర్యునికి నేను దండం పెట్టొచ్చునా?" అని అడిగారు.

బృహదారణ్యకంలో జనకుడు యాజ్ఞవల్క్యుని అడిగిన ప్రశ్న స్మరణకు వచ్చింది: పురుషునికి వెలుగేది? సూర్యుడు, సూర్యుడు అస్తమిస్తే చంద్రుడు, చంద్రుడూ లేనప్పుడు అగ్ని, అగ్ని చల్లారితే వాక్కు, వాక్కు కూడా శాంతిస్తే ఆత్మయే జ్యోతి.

"చీకటిగా ఉన్నదని మీకు తెలుస్తున్నది కదా! ఆ చీకటిని తెలుసుకుంటున్నది చీకటి కాజాలదు. దానికే దండం పెట్టండి" అన్నాను.

కంటిచూపు లేని కష్టం ఒక మాటతో తీరదు. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "తూర్పు ఎటున్నదో చూపండి" అన్నారు. చేయి పట్టి తిప్పాను. ముఖానికి ఎండ తగలగానే రెండు చేతులూ జోడించారు.

సాధకులారా, ఉదయసంధ్యలో అర్ఘ్యం విడిచేటప్పుడు బింబాన్ని చూసి కన్నులు మూయండి. బింబం కనుమరుగైనా, అది కనుమరుగైనదని తెలుపుతున్న తెలివి మరుగు కాదు. శ్రుతి చెప్పిన ఆ జ్యోతికి ఉదయాస్తమయాలు లేవు.

స్వస్తి.