నీళ్లు తాగిన బండి

పోర్ట్‌బ్లెయిర్ హాడో రేవులో క్రేను నా ట్రాక్టర్ని కిందికి దించింది 2024 జనవరి 17న. కొత్త బండి అంటే కవరు తియ్యని సీటు, పెయింటు వాసన అనుకుంటాం. నాకు ముందు కనబడింది బురద చార. ముందు చక్రం రిమ్ముకి సగం పైన, సుద్దముక్కతో గీసినట్టు ఉంది. వెనక చక్రం మీద కూడా నేల నుంచి అదే ఎత్తులో ఉంది. గోరుతో గీకితే ఎండిన ఒండ్రు పొడిపొడిగా రాలింది. దాని కింద నల్లటి జిడ్డు. సీటు మీద ప్లాస్టిక్ కవరు మాత్రం చెక్కుచెదరలేదు.

పక్కనే సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుంటున్న పెద్దాయన ఒకాయన నా ముఖం చూసి, "ఆ చార సంగతి కాగితం మీద రాయించుకో బాబూ, రాయకుండా సంతకం పెట్టకు" అన్నాడు. పెట్టేశాను. మూడు నెలలు ఎదురుచూసిన చెయ్యి ఆగలేదు. ఈ వ్యవహారంలో నేను చేసిన తప్పుల్లో ఇది రెండోది. మొదటిది చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి.

మాది బాంబూఫ్లాట్. పోర్ట్‌బ్లెయిర్‌కి ఎదురొడ్డు. (ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది, ఈ కథ నాటికి ఇంకా పోర్ట్‌బ్లెయిరే.) చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కితే పావుగంట, రోడ్డు మీద ఫెరార్‌గంజ్ చుట్టి వస్తే నలభై కిలోమీటర్ల పైమాటే. మా తాత సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. నాన్న నాటికి మాకు పల్లంలో వరిమడి ఉండేది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన నాడు దక్షిణ అండమాన్ నేల దగ్గర దగ్గర ఒక మీటరు కుంగింది. మడిలోకి వచ్చిన సముద్రం మళ్లీ పోలేదు. పోటు వేళ వెళ్లి చూస్తే మా గట్టు ఎక్కడుండేదో నేనే చెప్పలేను. మిగిలింది కొండవాలులో వక్కతోట, దాని దిగువన ఎకరంన్నర చదును.

వక్క చెట్లు తొమ్మిదడుగులకొకటి. వాటి సందుల్లో పెద్ద ట్రాక్టరు తిరగదు. ఇరవై ఏళ్లు పవర్ టిల్లరుతో నెట్టుకొచ్చాను. ఆ హ్యాండిలు అదురుకి రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర పట్టేది కాదు. చిన్న ట్రాక్టరు కొనాలని 2023లో నిశ్చయించుకున్నాను. 24 హార్స్‌పవర్, ఫోర్‌వీల్ డ్రైవు, వెడల్పు నాలుగడుగుల లోపు.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక డీలరు దగ్గరికి వెళ్లాను. ఆయన షాపులో నాకు కావలసిన బండే లేదు. కేటలాగు చూపించి, అడ్వాన్సు కడితే తెప్పిస్తానన్నాడు. ధర విని బయటికి వచ్చాను. విజయనగరంలో మా బావమరిది ఉన్నాడు. "బావా, అదే బండి, అదే మోడలు. ఇక్కడ తెలిసిన షోరూం ఉంది. అరవై వేలు పైనే మిగులుతుంది" అన్నాడు. ఖచ్చితంగా చెప్పాలంటే తేడా 62,000. జీఎస్టీ ఎక్కడ కొన్నా ఒకటే, అప్పట్లో 12 శాతం (2025 సెప్టెంబరు 22 నుంచి 5). కాబట్టి ఈ తేడా అంతా ఓడ కిరాయి, స్థానిక డీలరు లాభమే అని లెక్క తేల్చుకున్నాను. ఆ లెక్క తప్పు కాదు. కాకపోతే ఓడ కిరాయి ఎలాగూ నేనూ కట్టాలి కదా! లారీ, రేవులో ఎక్కింపు, ఓడ, ఇక్కడ దింపుడు అన్నీ వేస్తే 41,000. మిగిలేది 21,000. అది కూడా డబ్బే కదా అనుకున్నాను. బండి ధరలో మూడు శాతం కోసం వెయ్యి కిలోమీటర్లకి పైగా సముద్రాన్ని మధ్యలో పెట్టుకున్నానని అప్పుడు తట్టలేదు.

అక్టోబరులో డబ్బు పంపాను. షోరూం అతను ఫోనులో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "ట్రాన్సిట్ ఇన్సూరెన్సుతో సహా అంతా మేం చూసుకుంటాం సార్" అన్నాడు. బిల్లులో ఇన్సూరెన్సు అనే వరస ఉందా లేదా అని నేను చూడలేదు. లేదు.

తొందర ఎందుకంటే మాకు ఏడాదిలో దున్నుకునే వీలు చాలా కొద్ది రోజులు. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన. మేలో మొదలైతే డిసెంబరు దాకా వదలదు. డిసెంబరులో వరి కోశాక జనవరి సగం దాకా నేలలో పదును ఉంటుంది. ఆ పదునులో దున్ని బెండ, బొబ్బర్లు, వంగ వేసుకుంటే ఏప్రిల్ దాకా కాయ కోసుకోవచ్చు. ఆ నాలుగు నెలల కూరగాయల డబ్బే మా ఇంటికి ఏడాది నగదు. ఫిబ్రవరి వచ్చిందంటే నేల బిగుసుకుపోతుంది, గునపం వేసినా టంగుమంటుంది.

విశాఖ నుంచి వచ్చే ఓడలో చోటు దొరకలేదని నవంబరు చివర బండిని లారీ మీద చెన్నై పంపారు. మణలి వైపు ఏదో గోడౌనులో దించారట. నేను రోజూ పొద్దున్నే డైలీ టెలిగ్రామ్స్ పేపర్లో ఓడల వరస చూసుకునేవాణ్ని. డిసెంబరు 3 రాత్రి నుంచి చెన్నై మీద మిగ్‌జాం తుపాను వాన. తెల్లారి టీవీలో కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోతున్నాయి. ఉత్తర చెన్నై కొన్ని చోట్ల రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ వరదలోనే ఎన్నూరు వాగులో చమురు కలిసిన వార్త కూడా చదివాను. చదువుతూ నా బండి గుర్తొచ్చింది. ఫోను చేశాను. "మెరక మీద ఉంది సార్, ఏం కాలేదు" అన్నారు. మెరక మీద ఉన్న బండికి సగం చక్రం దాకా బురద చార ఎలా వచ్చిందో తర్వాత అడిగితే లారీవాళ్లని అడగమన్నారు. లారీవాళ్లు గోడౌనువాళ్లని అడగమన్నారు. గోడౌనువాళ్లు నిలవ ఛార్జీ 8,500 బాకీ ఉందని గుర్తుచేశారు.

ఓడెక్కించేటప్పుడు డీజిలు ఖాళీ చేసి, బ్యాటరీ విప్పి ఎక్కించారు. హాడోలో డీజిలు పోశాక ఇంజను ఎలాగో అందుకుంది. క్లచ్ తొక్కి గేరు వేస్తే గరగరమంటూ పళ్లు రాసుకున్నాయి గానీ పడలేదు. పెడలు చక్కగా కిందికి దిగుతోంది, లోపల ఏదీ విడటం లేదు. చివరికి నలుగురం నెట్టి లారీ ఎక్కించాం. ఆ లారీ చాథంలో వెహికల్ ఫెర్రీ ఎక్కింది. ఫెర్రీలో తెలిసినవాళ్లు "కొత్త ట్రాక్టరా? స్వీట్లెక్కడ?" అని అడిగారు. ఇంట్లో మా ఆవిడ హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. నిమ్మకాయలు చక్రాల కింద పెడితే, వాటిని తొక్కడానికి కూడా మళ్లీ నెట్టాల్సొచ్చింది.

విజయనగరం షోరూంకి వీడియో తీసి పంపాను. రెండు రోజులకి జవాబు: నీళ్ల వల్ల జరిగిన నష్టం వారంటీలోకి రాదు. రూలు ప్రకారం అది నిజమే కావచ్చు. "మరి మీ మనిషిని పంపండి, వచ్చి చూస్తాడు" అన్నాను. అవతల నవ్వు వినబడింది. వెటకారం కాదది, నేను అడిగింది అతనికి నిజంగానే వింతగా తోచింది. విజయనగరం నుంచి మెకానిక్ అండమాన్ రావడమా!

పది రోజులు ఫోన్లతో గడిపాక సిగ్గు విడిచి మొదట కాదనుకున్న డీలరు దగ్గరికే వెళ్లాను. మీరు మా దగ్గర కొనలేదు కదా అంటాడని దారంతా జవాబులు తయారుచేసుకున్నాను. ఆయన ఆ మాట అననే లేదు. ఛాసిస్ నంబరు రాసుకున్నాడు, మనిషి వస్తే విజిటింగు ఛార్జీ ఎంతో చెప్పాడు, మర్నాడు ఎనిమిదింటి ఫెర్రీకి పంపిస్తానన్నాడు. ఒక్క రూపాయి తగ్గించలేదు. ఆయన దేవుడేమీ కాదు. కానీ కుర్రాడు ఎనిమిదింటి ఫెర్రీలో దిగాడు.

రాంచీవాళ్ల కుర్రాడు, పాతికేళ్లుంటాయి. భుజాన సంచిలో స్పానర్లు. గేర్‌బాక్స్ కింద డ్రెయిన్ బోల్టు తిప్పి బకెట్టు పెట్టాడు. తేనెరంగులో రావాల్సిన నూనె పాలు ఎక్కువైన టీలా తెల్లగా కారింది. వేలితో తీసుకుని ఎండకి పట్టి చూసి, "పానీ పీ లియా హై, భయ్యా" అన్నాడు. నీళ్లు తాగేసింది. రోగి గురించి చెప్పినట్టే చెప్పాడు. ముందు యాక్సిల్లోంచీ అదే రంగు. క్లచ్ సంగతి చూడాలంటే బండిని రెండుగా విడగొట్టాలన్నాడు.

కొత్త ట్రాక్టర్ని మన వాకిట్లో మనమే విడగొట్టడం ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది. పాకలో పడౌక్ దూలానికి చైన్‌బ్లాక్ కట్టాం. ముందు సగం కింద పనస దుంగలు, వెనక సగం కింద జాకీ. తీగలు, పైపులు ఒక్కొక్కటి విప్పి వాటికి రంగు దారాలు కట్టాడు, తిరిగి బిగించేటప్పుడు తికమక పడకుండా. బోల్టులన్నీ మా ఆవిడ ఇచ్చిన అప్పడాల డబ్బాలో. వెనక సగాన్ని జానెడు జానెడు వెనక్కి లాగితే సాయంత్రానికి సందు తెరుచుకుంది. లోపలి నుంచి మూసేసిన బావి వాసన. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకి తుప్పుతో అతుక్కుపోయి ఉంది. స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో తడితే పెచ్చుగా ఊడొచ్చింది, సగం లైనింగు అక్కడే ఉండిపోయింది. మీటరు చూశాను: 2.4 గంటలు. అందులో నా పొలంలో తిరిగింది సున్నా.

ప్లేటు ఇక్కడి డీలరు దగ్గర కూడా లేదు. సీళ్లు రెండు కావాలి, అలమారలో ఉన్నది ఒకటి. విమానం కార్గోలో తెప్పిస్తానని ఆయన ఆర్డరు పెట్టాడు. ఈలోగా బావమరిది కంగారుపడి, తనే షోరూం నుంచి ఒక ప్లేటు కొని కొరియరు చేశాడు. వచ్చింది. మధ్యలో పళ్లు పది ఉండాల్సిన చోట పద్నాలుగున్నాయి. తన డబ్బుతో కొన్నాడు, మంచికే చేశాడు, ఏమంటాం? ఏమీ అనలేదు గనకే ఇంట్లో రెండు నెలలు ఎవరూ విజయనగరం పేరెత్తలేదు. తమ్ముడి ఫోను వస్తే మా ఆవిడ పెరట్లోకి వెళ్లి మాట్లాడేది.

రిజిస్ట్రేషను ఇంకో తంటా. బిల్లులో ఇంజను నంబరులో ఒక అంకె తప్పు. ఇంజను మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది తీసిన నంబరుకీ కాగితాల్లో నంబరుకీ పొత్తు కుదరాలి కదా. సేల్ సర్టిఫికెట్టు మళ్లీ రాయించి తెప్పించడానికి నెల పట్టింది. బండే కదలనప్పుడు నంబరు ప్లేటు ఆలస్యమైతే ఏమిటని నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

మార్చి 23న రాంచీ కుర్రాడు మళ్లీ వచ్చాడు. ప్లేటు, బేరింగు, సీళ్లు, కొత్త నూనె. రెండు సగాల్నీ కలిపాక డీజిలు లైనులో గాలి తీయాలి. ఫిల్టరు మీద చిన్న బోల్టు వదులు చేసి, నన్ను బొటనవేలితో పంపు నొక్కుతూ ఉండమన్నాడు. ముందు నురగ వచ్చింది, బుడగలు వచ్చాయి, అరవైసార్లో డెబ్బైసార్లో నొక్కాక బుడగ లేని డీజిలు సన్నటి ధారగా కారింది. బోల్టు బిగించి తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. క్లచ్ తొక్కాడు, గేరు సద్దు లేకుండా పడింది. బండి తనంత తాను నాలుగు గజాలు ముందుకు పోయింది. నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను.

మర్నాడు చదునులోకి దించాను. రోటావేటర్ నేల మీద గెంతింది గానీ లోపలికి దిగలేదు. ఆ ఏడు కూరగాయల్లేవు. పొరుగాయన పవర్ టిల్లరు అద్దెకి తెచ్చి జనవరిలో దున్నిన పావు ఎకరం బెండే మాకు దిక్కయింది. రిపేరుకి 47,300 అయింది. 21,000 మిగులు కోసం మొదలెట్టినవాణ్ని, గోడౌను ఛార్జీ కూడా కలుపుకుంటే ఎక్కడ తేలానో మీరే వేసుకోండి. పోయిన పంట దాంట్లో చేర్చలేదు, దానికి నా దగ్గర లెక్క లేదు.

ఇక్కడ కొనబోయేవాళ్లు నన్ను అడుగుతుంటారు. ధర తర్వాత, ముందు ఆయన దగ్గర క్లచ్ ప్లేటు, సీళ్లు ఉన్న అలమార చూపించమనండి అంటాను. లేకపోతే ఎన్ని రోజుల్లో తెప్పిస్తాడో, ఎవరు వచ్చి బిగిస్తారో అడగమంటాను. దూరం నుంచి తెప్పించక తప్పకపోతే బిల్లులో ఇన్సూరెన్సు వరస వేలితో చూపించమంటాను. రేవులో కనబడ్డ ప్రతి గీతా రాయించాకే సంతకం.

ఇప్పుడు మీటరు 600 గంటలు దాటింది. మొన్న సంక్రాంతికి బావమరిది ఫోను చేసి, "బావా, రోటావేటర్ బ్లేళ్లు ఇక్కడ చవకగా ఉన్నాయి, పంపమంటావా?" అని భయంభయంగా అడిగాడు. బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలిచి చెప్పి, పంపమన్నాను. బ్లేళ్లు పార్సిల్లో వస్తాయి.